దసరా విందుకు సులభమైన తీపి

దసరా నాడు ఇంటి ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉండిపోతున్నారన్న సంగతి ఆ ఏడాది భాద్రపద మాసంలో ప్రభుత్వం దృష్టికి వచ్చింది. అంతకుముందు రాలేదు. ఎలా వచ్చిందో కూడా ఫైల్లో దాపరికం లేకుండా రాసే ఉంది. గృహసౌఖ్య శాఖ కమిషనర్ గారింట్లో కిందటి దసరాకి చుట్టాలంతా కలిసి ఫోటో దిగబోతే ఇల్లాలు కనిపించలేదు. నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ "బొబ్బట్టు పెనం మీదుంది" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. ఐదోసారి పిలవకుండా ఫోటో తీయించేశారు. ఆ ఫోటో గోడకెక్కాక కమిషనర్ గారికి అందులో ఏదో లోటు కనిపించింది. పదకొండు నెలలు ఆలోచించి, తప్పు బొబ్బట్టుదేనని తేల్చారు.

దాంతో ఉత్తర్వు వెలువడింది. "పండుగ కుటుంబ విందునందు గృహిణి సైతము కూర్చుండి భుజించుటకు వీలుగా, సులభమైన తీపి పదార్థము నొకదానిని ప్రతి జిల్లా కార్యాలయము ఎంపిక చేసి, శాఖా ఉద్యోగుల గృహములలో విధిగా అమలుపరచవలెను."

గోదావరి ఒడ్డునున్న ఆ జిల్లా కార్యాలయంలో ఈ ఉత్తర్వు చదివి నిజంగా సంతోషించిన మనిషి ఒక్కరే. ఆవిడ సీనియర్ అసిస్టెంట్ భ్రమరాంబ. ఆ సంతోషానికి కారణం ఉంది.

ఆరేళ్ల కిందట దసరాకి అనకాపల్లి నుంచి ఆవిడ అక్క విశాలాక్షి వచ్చింది. బావ పోయి అప్పటికి రెండేళ్లు. అక్క వచ్చిందన్న ఉత్సాహంలో భ్రమరాంబ పూర్ణాలు, గారెలు, పులిహోర, పరమాన్నం అన్నీ పెట్టుకుంది. విశాలాక్షి మూడుసార్లు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "కాసేపు కూర్చోవే" అంది. "ఈ వాయి దించేసి వస్తానక్కా" అంది భ్రమరాంబ. ఆ వాయి తర్వాత ఇంకో వాయి. సాయంత్రం బస్సుకి అక్క వెళ్లిపోయింది. మూడు నెలలయ్యాక మేనత్త కూతురు చెబితే తెలిసింది. విశాలాక్షికి రొమ్ములో గడ్డ. ఆపరేషన్‌కి తోడు రమ్మని అడగడానికే ఆ రోజు వచ్చింది. అడగడం కుదరక, ఒక్కతే వెళ్లి చేయించుకుంది. భ్రమరాంబ ఏడుస్తూ ఫోన్ చేస్తే, "నువ్వు పనిలో ఉన్నావు కదే" అని పెట్టేసింది. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడ్డా పరాయివాళ్లలా నమస్కారాలు పెట్టుకుని తప్పుకునేవారు.

ఈ ఏడాది వినాయక చవితి వెళ్లిన వారానికి అక్కే ఫోన్ చేసింది.

"దసరాకి వద్దామనుకుంటున్నా. వంటింట్లో ఉండేదానివైతే ఇప్పుడే చెప్పు. మానేస్తా."

"లేదక్కా. నీ దగ్గరే కూర్చుంటాను."

"ఏం వండుతావేంటి?"

"ఏదో తేలికది. నువ్వు రా."

అందుకని, తేలికైన తీపి ఒకటి ఎంచుకోవడం భ్రమరాంబకి ఆ నెలలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. అదే పని ప్రభుత్వం కూడా నెత్తికెత్తుకుందంటే ఆవిడకి అదృష్టం కలిసొచ్చిందనిపించింది.

ఉత్తర్వు వచ్చిన మధ్యాహ్నమే సూపరింటెండెంట్ అప్పలాచారి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"భ్రమరాంబ గారూ, ఇంట్లో వండుకునేవారు, మీకు తెలిసుంటుంది. తీపిలో అన్నిటికంటే తేలికైనదేవిటండీ?"

"రవ్వకేసరండి. ఇరవై నిమిషాలు."

"అంతేనా?"

"అంతేనండి."

అప్పలాచారి ఆవిడ వంక జాలిగా చూశాడు. "ఒక్క పేరే చెబితే ఎంపిక ఎలా అవుతుందండీ? కనీసం ఏడుండాలి. ఆరు కొట్టేస్తే ఒకటి మిగలాలి. అప్పుడు కదా ఎంపిక."

భ్రమరాంబ కాగితం తీసుకుని రవ్వకేసరి కింద సేమ్యా పాయసం, అటుకుల పాయసం, చలిమిడి, కొబ్బరి లౌజు, పెసరపప్పు పాయసం రాసింది. ఏడోదానికి ఏమీ తోచక "అరటిపండు, తేనె" అని రాసి ఇచ్చింది. ఆ చేతిరాత ఆధారంగా సాయంత్రానికల్లా ఆవిడ "సులభ తీపి ఎంపిక సంఘం" సభ్య కార్యదర్శి అయిపోయింది.

సంఘానికి అధ్యక్షుడు జిల్లా డైరెక్టర్ త్రివిక్రమరావు. ఆయన మంచివాడు. ఎవరినీ కసురుకోడు. ఏ సంగతినైనా మొదటి నుంచి ఆలోచించడం ఆయన అలవాటు. మొదటి సమావేశంలో కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అన్నాడు:

"ముందు సులభమనే మాటను నిర్వచించుకుందాం. సులభం అంటే ఎవరికి సులభం?"

"చేసేవాళ్లకండి" అంది భ్రమరాంబ.

"అది ఒక దృక్కోణం మాత్రమేనమ్మా. తినేవారికి సులభమా, అరిగించుకునేవారికి సులభమా, తనిఖీ చేసేవారికి సులభమా? అన్ని కోణాల్లోనూ సమగ్రంగా చూడాలి."

సమగ్రంగా చూడటానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడు సమావేశాల తర్వాత నిర్వచనం ఖరారైంది. "సులభమనగా కష్టము కానిది. కష్టమనగా ఈ సంఘముచే సులభము కాదని నిర్ణయింపబడినది." భ్రమరాంబ దాన్ని టైపు చేసి, రెండుసార్లు చదివి, మూడోసారి చదవకుండా సంతకానికి పెట్టింది.

ఆ తర్వాత పేర్ల పరిశీలన మొదలైంది. అందరికంటే ముందు అరటిపండు వంతు వచ్చింది. మిగతావాటికి పొయ్యి కావాలి, పొయ్యికి అగ్నిమాపక శాఖ వారి అనుమతి ఇంకా రాలేదు.

"ఇందులో గృహిణి చేయవలసిందేముంది?" అని అడిగాడు త్రివిక్రమరావు.

"తొక్క తీయడమేనండి."

"తొక్క తినేవాళ్లు తీసుకుంటారుగా."

"అప్పుడు ఇంకా తేలికండి" అంది భ్రమరాంబ. ఆవిడ గొంతులో ఆశ వినిపించింది.

"అక్కడే వచ్చింది చిక్కు. గృహిణి శ్రమను తగ్గించడం పథకం లక్ష్యం. అసలు శ్రమే లేనప్పుడు దేన్ని తగ్గిస్తాం? తగ్గించడానికేమీ లేకపోతే లబ్ధిదారు ఉండరు. లబ్ధిదారు లేని పథకం ఆడిట్‌కి నిలవదమ్మా."

అరటిపండును కొట్టేశారు. మరీ సులభమైనందువల్ల అని కారణం రాశారు.

అనుమతి వచ్చాక రవ్వకేసరి ప్రదర్శన సమావేశ మందిరంలోనే జరిగింది. గ్యాసు పొయ్యి, బాణలి, పక్కనే గృహిణి కూర్చోవడానికి ఒక కుర్చీ. అప్పలాచారి గరిటె తిప్పుళ్లు లెక్కపెట్టాడు. జూనియర్ అసిస్టెంట్లు ఇద్దరు రవ్వ రంగు మారే క్షణాన్ని విడివిడిగా నమోదు చేశారు. ఇద్దరి క్షణాలూ కలవలేదు. మళ్లీ వేయించమన్నారు. నెయ్యి తూచడానికి తెచ్చిన త్రాసును కొలతల వాళ్లు సరిచూసి ముద్ర వేయలేదని ఎవరో గుర్తుచేశారు. ముద్ర వేయించి తెచ్చేసరికి భోజనాల వేళ దాటింది. చివరికి కేసరి తయారైంది. నాలుగు వందల పన్నెండు తిప్పుళ్లు, మూడు గంటల ఇరవై నిమిషాలు అని రికార్డులోకి ఎక్కింది.

"అందులో మూడు గంటలు మీరు కొలవడానికి పట్టిందండి" అంది భ్రమరాంబ.

"కొలవని సమయాన్ని రికార్డు చేయలేం కదమ్మా" అన్నాడు త్రివిక్రమరావు, పసిపిల్లకి చెప్పినట్టు. "పైగా మీరు ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. గమనించాను."

"కూర్చుంటే రవ్వ మాడుతుందండి."

"అదే నేనంటున్నది. కూర్చోనివ్వని పదార్థం సులభం ఎలా అవుతుంది?"

కష్టసాధ్యమని తేలిన ఆ కేసరిని సంఘం గిన్నె అడుగు కనిపించేదాకా ఆరగించి లేచింది.

ఆ సాయంత్రం భ్రమరాంబ ఇంటికి వెళ్లేసరికి భర్త గౌరీపతి కాఫీ పెట్టి ఉంచాడు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఏ మాటైనా ఒకే ఊపులో తేల్చేసే మనిషి.

"మనింట్లో మనం కేసరి చేసుకుంటే ఎవడికి తెలుస్తుందే?"

"విధిగా అమలుపరచవలెను అని ఉందండి. సభ్య కార్యదర్శిని నేనే. రేపు నా ఇంట్లోనే వేరే తీపి చేశానని తెలిస్తే మెమో ఇవ్వరూ?"

"మెమోలో ఏమని రాస్తారు? కేసరి తిన్నదనా?"

భ్రమరాంబ నవ్వలేదు. చేతులు నొప్పులు పుడుతున్నాయి. పండగ ఇంకా పదిహేను రోజులుంది. ఆవిడ అప్పుడే పండక్కి సరిపడా గరిటె తిప్పేసింది.

తర్వాతి రోజుల్లో మిగతావి ఒక్కొక్కటే రాలిపోయాయి. చలిమిడికి బియ్యం ముందురోజే నానబెట్టాలి. పండుగ ముందురోజు శ్రమ పండుగ శ్రమ కిందికి వస్తుందా రాదా అని న్యాయ సలహా అడిగారు, అది రాలేదు. కొబ్బరి లౌజులో కాయ కొట్టేది మగవాళ్లు గనక గృహిణి శ్రమను విడదీసి చూపడం సాధ్యం కాలేదు. సేమ్యా పాయసం ప్రదర్శన రోజున చల్లారిన కొద్దీ గట్టిపడింది. ఉదయం పరిశీలించిన పదార్థమూ మధ్యాహ్నం పరిశీలించిన పదార్థమూ ఒకటి కాదని అభ్యంతరం వచ్చింది. పెసరపప్పు పాయసం సంగతి సంఘంలో ఒకాయనకి పప్పు పడకపోవడంతో ముగిసింది.

అటుకుల పాయసం మిగిలింది. దాన్ని ప్రదర్శించిన రోజున డైరెక్టరు క్యాంపులో ఉన్నాడు. అభ్యంతరం చెప్పేవారెవరూ లేరు. అది నెగ్గడానికి కారణం అదొక్కటే. అయినా భ్రమరాంబకి ప్రాణం లేచొచ్చింది. అటుకుల పాయసమంటే పావుగంట పని. అటుకులు నేతిలో వేయించి, పాలు మరిగించి అందులో వేసి, దించి, చల్లారాక బెల్లం కలిపితే అయిపోతుంది. మిగతా రోజంతా అక్క దగ్గర కూర్చోవచ్చు.

అయితే దానికి అమలు విధానం తయారు కావాలి కదా. విధానం నలభై ఒక్క పేజీలు తేలింది. పాయసాన్ని ముప్పై ఎనిమిది దశలుగా విడగొట్టారు. ప్రతి దశ చివరా సమయం రాసి సంతకం చేయాలి. వండేవారు ఒకరు, నమోదు చేసేవారు ఒకరు, పర్యవేక్షించేవారు ఒకరు ఉండాలి. ఒకే స్త్రీ ఉన్న ఇళ్లలో ఆ ఒక్కరే మూడు బాధ్యతలూ నిర్వర్తించాలి. టైపు చేస్తూ చేస్తూ భ్రమరాంబ ఇరవై ఆరో దశ దగ్గర ఆగింది.

"సార్, మరుగుతున్న పాలల్లో బెల్లం వేయమని ఉందండి. పాలు విరిగిపోతాయి. దించి చల్లార్చాక వేయాలండి."

త్రివిక్రమరావు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "విరగడం గురించి ప్రదర్శన నివేదికలో ఎక్కడా లేదే."

"ప్రదర్శనలో నేను చల్లార్చాకే వేశానండి."

"మరి చల్లార్చడం నమోదు కాలేదు. నమోదు కానిదాన్ని దశగా ఎలా చేరుస్తామమ్మా? ఇప్పుడు ఒక దశ పెంచాలంటే విధానం మళ్లీ కమిషనరేట్‌కి వెళ్లాలి. దసరా ఆగదు కదా." కాసేపు ఆలోచించి, ఆవిడ ముఖం చూసి, మెత్తబడ్డాడు. "మీ ఆవేదన నాకు అర్థమైంది. మానవీయ కోణం తగ్గినట్టుంది. విశ్రాంతికి ఒక నిబంధన చేరుద్దాం. అది మన అధికార పరిధిలోనిదే."

అలా పదిహేడో నిబంధన పుట్టింది. ఆయన చెబుతుంటే ఆవిడ టైపు చేసింది. "వంట జరుగుచుండగా గృహిణి కనీసము పది నిమిషముల విశ్రాంతి తీసుకొనవలెను. విశ్రాంతి ప్రారంభ, ముగింపు సమయములను స్వహస్తముతో రిజిస్టరునందు వ్రాయవలెను. ముగింపు వ్రాయునంతవరకు విశ్రాంతి కొనసాగుచున్నట్లే భావింపబడును. ఆ సమయమున గృహిణిని ఎవ్వరును పిలువరాదు, కదపరాదు, ప్రశ్నింపరాదు. దశలు మాత్రము ఆగరాదు."

దసరాకి నాలుగు రోజుల ముందు కమిషనరేట్ నుంచి కబురొచ్చింది. ప్రతి జిల్లాలో ఒక నమూనా గృహాన్ని ఎంచుకుని, పండగనాడు పాయసం తయారీని మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి పంపాలట. త్రివిక్రమరావు భ్రమరాంబని పిలిచాడు.

"మీ ఇల్లే అనుకున్నాం. విధానమంతా మీకు కంఠతా వచ్చు."

"సార్, ఆ రోజు మా అక్క వస్తోందండి. ఆరేళ్ల తర్వాత వస్తోంది. మాట్లాడుకోవాలండి మేం. ఇంకెవరి ఇల్లయినా..."

"మీ అక్కగారు వస్తున్నారా!" ఆయన ముఖం విప్పారింది. "కుటుంబ సభ్యులుంటేనే కదమ్మా కుటుంబ విందు. మాకు ఆ లోటే ఉండిపోయిందనుకుంటున్నాం. పేరు చెప్పండి, జాబితాలో రాయిస్తాను."

ఆవిడ పేరు చెప్పలేదు. అప్పలాచారి ఫోన్ చేసి గౌరీపతిని అడిగి రాసుకున్నాడు.

విజయదశమి శనివారం పడింది. పొద్దున్న ఎనిమిదింటికే ఇంటి ముందు జీపు ఆగింది. డైరెక్టరు, అప్పలాచారి, ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు, వీడియో తీసే మనిషి దిగారు. గేటుకి అడ్డంగా బ్యానరు కట్టారు. "ఈ గృహమున గృహిణి విశ్రాంతి తీసుకొనుచున్నది." వంటింట్లో బల్ల వేసి రిజిస్టర్లు పరిచారు. భ్రమరాంబ అటుకులు తూచి, సంతకం చేసి, నెయ్యి తూచి, సంతకం చేసింది.

పన్నెండింటికి విశాలాక్షి ఆటో దిగింది. భుజానికి ఒక సంచి. మనిషి చిక్కింది, జుట్టు బాగా నెరిసింది. బ్యానరు కింద ఆగి, తలెత్తి, అక్షరం అక్షరం చదివింది. ఆవిడ పెదాల మీద చిన్న నవ్వు వచ్చింది. నిజంగానే కూర్చుని ఉంటుందనుకుని లోపలికి వచ్చింది.

చెల్లెలు వంటింట్లో ఐదుగురు మగవాళ్ల మధ్య చెమటలు కక్కుతూ కనిపించింది.

"అక్కా! వచ్చావా! ఇదిగో, పదకొండో దశ. అయిపోగానే..."

అప్పలాచారి ఎదురొచ్చి, నమస్కారం పెట్టి, విశాలాక్షి చీర భుజానికి "కుటుంబ సభ్యురాలు-1" అన్న చీటీ గుచ్చి, హాల్లో కుర్చీ చూపించాడు. గౌరీపతి మంచినీళ్లు తెచ్చాడు. ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు. బాగానే జరిగిందని చెప్పింది. కాసేపాగి, అనకాపల్లిలో వానలున్నాయా అని అడిగాడు. ఉన్నాయని చెప్పింది. అక్కడితో ఆయన దగ్గర మాటలు అయిపోయాయి.

ఒంటిగంట అయింది. వీడియోలో వెలుతురు చాలలేదని పద్నాలుగో దశ మళ్లీ చేయించారు. ఒకటిన్నర అయింది. గౌరీపతికి ఆకలి నకనకలాడుతోంది. తీపి పూర్తయ్యేదాకా విందు మొదలుపెట్టరాదని మూడో పేజీలో ఉంది.

రెండు దాటాక విశాలాక్షి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంచి మళ్లీ భుజానికి ఎక్కింది.

"భ్రమరా, మూడింటికి బస్సుందిట. నే బయల్దేరతాను."

"అక్కా, అది కాదు..."

"కోపం కాదే. నువ్వు పనిలో ఉన్నావు."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. భ్రమరాంబ చేతిలో గరిటె ఉంది, పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి, వీడియో మనిషి "మేడమ్, ఇటు చూడండి" అంటున్నాడు. ఆవిడ ఎటూ చూడలేదు. గరిటె బల్ల మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, పెన్ను తీసుకుని, "విశ్రాంతి ప్రారంభం: 2.10" అని గుండ్రని అక్షరాల్లో రాసి సంతకం చేసింది. అక్క చెయ్యి పట్టుకుని పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

"అమ్మా! ఇరవై మూడో దశ!" అని కేకేశాడు త్రివిక్రమరావు.

"సార్, పిలవకూడదండి" అన్నాడు అప్పలాచారి కంగారుగా. "పదిహేడో నిబంధనండి."

"పది నిమిషాల్లో వచ్చేస్తుందిగా?"

"పది నిమిషాలు కనీసమండి. ముగింపు రాసేదాకా కొనసాగుతున్నట్టే లెక్కండి."

"ఎవరు పెట్టారయ్యా ఈ నిబంధన?"

"తమరేనండి. మానవీయ కోణమన్నారు."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. "దశలు మాత్రం ఆగకూడదండి" అని గుర్తుచేశాడు అప్పలాచారి. జూనియర్ అసిస్టెంట్లు ఇద్దరూ చూపులు దించుకున్నారు. త్రివిక్రమరావు ఆ వంటింటిని ఒకసారి నాలుగు వైపులా చూశాడు. చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచి, గరిటె అందుకున్నాడు.

పెరట్లో బట్టలుతికే బండ మీద అక్కాచెల్లెళ్లు కూర్చున్నారు. భ్రమరాంబకి అక్క చెయ్యి వదలాలనిపించలేదు. ఎడమ చెయ్యి కాస్త వాచి ఉంది. ఆపరేషన్ తర్వాత అలా వస్తుందని ఎక్కడో చదివింది.

"లోపల ఏదో మాడుతున్నట్టుందే" అంది విశాలాక్షి.

"మాడనీ."

"మీ ఆఫీసరు కాబోలు, పాపం."

"ఉండనీ అక్కా. చెప్పు."

"ఏం చెప్పను?"

"ఆ రోజు చెప్పడానికొచ్చింది."

విశాలాక్షి పెరటి గోడకేసి చూసింది. తర్వాత చెప్పింది. అంత గట్టి మనిషీ పొందిగ్గా, వరసగా చెప్పలేకపోయింది. గడ్డ తగిలిన రోజు స్నానాల గదిలోనే గంటసేపు కూర్చుండిపోయిందట. ఆసుపత్రిలో కాగితం నింపే అమ్మాయి తోడెవరని అడిగితే, వస్తున్నారని అబద్ధం చెప్పిందట. ఆపరేషన్ అయ్యాక మెలకువ వస్తే పక్క మంచం ఆవిడ కూతురు మంచినీళ్లు పట్టిందట. ఆ అమ్మాయి పేరు అడగడం మర్చిపోయిందట. ఇన్నేళ్లయినా అది గుర్తొచ్చి బాధగా ఉంటుందట.

భ్రమరాంబ అడ్డు రాలేదు. కళ్లు తుడుచుకుంది గానీ లేవలేదు. చివరికి అంది:

"ఆ రోజు పూర్ణాలు నూట ఇరవై వేశానక్కా. లెక్కపెట్టుకున్నాను కూడా. ఎవరి కోసం వేశానో చెప్పమంటే ఇప్పుడు నాకే తెలీడం లేదు."

"బాగున్నాయే అవి" అంది విశాలాక్షి. "అదన్నా చెప్పి వెళ్లాల్సింది. కోపంలో చెప్పలేదు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ తర్వాత ఒకేసారి ఏడ్చారు. గోడ మీద పిల్లి ఇద్దరినీ చూసి అవతలికి దూకింది.

"మళ్లీ చూపించుకోవాలా?"

"ఏడాదికోసారి. ఈ బుధవారమే. విశాఖపట్నంలో."

"నేనొస్తాను."

"ఆఫీసు?"

"వస్తానన్నానా."

లోపల ఇరవై ఆరో దశ వచ్చింది. త్రివిక్రమరావు విధానం ప్రకారం మరుగుతున్న పాలల్లో బెల్లం వేశాడు. పాలు విరిగాయి. గిన్నెలో తెల్లటి ముక్కలు వేరుగా, నీళ్లు వేరుగా తేలాయి. ఐదుగురూ గిన్నె చుట్టూ నిలబడి చూశారు.

"ఇలా అవుతుందని ఆవిడ ముందే..." అని మొదలుపెట్టాడు అప్పలాచారి.

"రూపం మారినంత మాత్రాన స్వభావం మారదు" అన్నాడు త్రివిక్రమరావు. ఆయన కళ్లజోడు మీద ఆవిరి పట్టింది. "ఇది పాయసమే. పన్నెండు దశలున్నాయి. కానివ్వండి."

అయిదు గంటలకి ముప్పై ఎనిమిదో దశ ముగిసింది. విందు మొదలైంది. వండినవారే వడ్డించాలని విధానంలో ఉంది. అందుకని భ్రమరాంబ, విశాలాక్షి, గౌరీపతి విస్తళ్ల ముందు కూర్చుంటే డైరెక్టరు గిన్నె పట్టుకుని తిరిగాడు. గౌరీపతి పాయసం ఒక చెంచా నోట్లో పెట్టుకుని, పొద్దున్న తన చేత్తో కలిపిన పులిహోర మీదికి వెళ్లిపోయాడు.

"మీరూ కూర్చోండి బాబూ, పొద్దుట్నించీ నిలబడే ఉన్నారు" అంది విశాలాక్షి.

"ఇదిగోనమ్మా, వచ్చేస్తున్నా" అన్నాడు త్రివిక్రమరావు నుదురు తుడుచుకుంటూ, మళ్లీ వంటింట్లోకి వెళ్తూ. లోపల ఇంకా గిన్నె, గరిటె, పొయ్యి శుభ్రం చేసి సంతకాలు పెట్టాల్సి ఉంది.

భ్రమరాంబ విశ్రాంతి ముగింపు ఎక్కడా రాయలేదు. అడగడానికి ఎవరికీ అధికారం లేదు. దీపాలు పెట్టే వేళకి జీపు వెళ్లిపోయింది.

నివేదిక సోమవారం కమిషనరేట్‌కి వెళ్లింది. అక్కడ దాన్ని చదివి ముచ్చటపడ్డారు. రాష్ట్రంలోని నమూనా గృహాలన్నిటిలోకీ గృహిణి ఎక్కువసేపు విశ్రమించింది ఈ జిల్లాలోనే. మిగతా జిల్లాల్లో ఎక్కడా ఆరు నిమిషాలు దాటలేదు. ఈ విజయానికి కారణమేమిటని ఆరా తీస్తే, వంటింట్లో నలుగురు అధికారులు ఉండటమేనని తేలింది. వచ్చే దసరా నుంచి శాఖ ఉద్యోగుల ఇళ్లకు ఇంటికి నలుగురు అధికారుల చొప్పున పంపాలని ప్రతిపాదన తయారైంది. అంతమంది అధికారులు శాఖలో లేరు. కొత్త నియామకాలకి ఫైలు కదిలింది. పాయసం విరిగిన సంగతి నివేదికలో లేదు. దానికి గడి లేదు.

మంగళవారం మధ్యాహ్నం భ్రమరాంబ అప్పలాచారి బల్ల మీద సెలవు చీటీ పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"నాలుగు రోజులాండీ? కారణం 'అక్కతో ఆసుపత్రికి' అని రాశారు. అనారోగ్యం మీకాండీ?"

"అక్కకండి."

"తోడు వెళ్లడమన్నది సెలవు కారణాల పట్టికలో లేదండీ. ఆవిడ ఒక్కరూ వెళ్లలేరా?"

"వెళ్లగలదండి. ఆరేళ్ల నుంచీ ఒక్కతే వెళ్తోంది."

అప్పలాచారి చీటీని అటూ ఇటూ తిప్పాడు. "సార్‌కి పెడతాను. ఆయన అభిప్రాయం రాసి పైకి పంపుతారు. అనుమతి వచ్చేదాకా ఉండండి మరి."

"అక్క బస్టాండులో ఉందండి" అని చెప్పి ఆవిడ చేతిసంచి తీసుకుని మెట్లు దిగింది.

ఆ చీటీకి జవాబు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అనుమతి నిరాకరించడమైనదని వచ్చింది. అప్పటికి భ్రమరాంబ వెళ్లి రావడం, రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పడం, తిరుగు ప్రయాణంలో అక్కాచెల్లెళ్లిద్దరూ అనకాపల్లిలో దిగి, రెండు రోజుల పాటు పొయ్యి వెలిగించకుండా, వీధి చివరి హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించుకుని తింటూ అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడం, అన్నీ అయిపోయాయి.